ప్లాన్ చూసి విన్యాసాల ఆర్సీ (రేడియో కంట్రోల్) విమానం కట్టడం ఎలా

240 మి.మీ. వెడల్పున్న రెక్కలో ఒక్క డిగ్రీ మెలిక పడితే వెనక అంచు దగ్గర వచ్చే తేడా సుమారు నాలుగు మిల్లీమీటర్లు. బల్ల మీద ఉన్నప్పుడు అది చాలామంది కంటికి ఆనదు. గాల్లోకి వెళ్లాక మాత్రం దాగదు. మామూలుగా ఎగురుతున్నప్పుడు రిమోట్‌లోని సన్న సర్దుబాటు, అంటే ట్రిమ్‌తో సర్దుకున్నా, లూప్ (గాల్లో నిలువు చక్రం) కోసం రిమోట్ స్టిక్ గట్టిగా లాగినప్పుడో, దిగడానికి వేగం తగ్గించినప్పుడో ఒక రెక్క ముందే పడిపోతుంది. అందుకే విన్యాసాల విమానం కట్టేటప్పుడు రెండే విషయాలు పట్టుకోండి. ఎడమ, కుడి ఒకేలా ఉండాలి. అంతా తేలిగ్గా ఉండాలి. ఈ రెండూ బల్ల మీద కుదరకపోతే మైదానంలో కుదరవు.

ఇది మొదటి విమానంగా కట్టుకునేది కాదని ముందే చెబుతున్నాను. నేర్చుకునేవాళ్ల కోసం బాడీ పైన రెక్క ఉండే ట్రైనర్‌ను ఎగరేసి, ఎవరి సాయం లేకుండా దింపగలిగే చెయ్యి మీకు వచ్చి ఉండాలి. కట్టడం మాత్రం కొత్తవాళ్లకైనా వస్తుంది, ఓపిక కావాలి. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో బాల్సా (చాలా తేలికైన చెక్క) కోసిన అనుభవం ఉంటే సగం పని తెలిసినట్టే.

ఏ ప్లాన్ తీసుకోవాలి

నా సలహా స్టిక్ అనే విమానాల కుటుంబం. 1960ల్లో అమెరికాకు చెందిన ఫిల్ క్రాఫ్ట్ గీసిన అగ్లీ స్టిక్ దీనికి మూలం. రెక్క పొడవు 60 అంగుళాలు. ఆయన ఆర్సీ రేడియోల తయారీదారు, 1967లో కార్సికాలో జరిగిన ప్రపంచ ఆర్సీ విన్యాసాల పోటీల్లో విజేత కూడా. ఆ పోటీల్లో ఎగరేసింది వేరే విమానం, క్విక్ ఫ్లై 3. కానీ ఇంట్లో కట్టుకునేవాళ్లకు ఆయన మిగిల్చిన గొప్ప మేలు స్టిక్కే అని నా అభిప్రాయం.

ఎందుకంటే దాని రెక్క మొదటి నుంచి చివరి దాకా ఒకే వెడల్పు. కాబట్టి రిబ్బులన్నీ (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ ముక్కలు) ఒకే అచ్చు. రెక్క పైవంపు, కిందివంపు సమానం, అందువల్ల తలకిందులైనా దాదాపు అదే తీరున ఎగురుతుంది. బాడీ నాలుగు పలకల పెట్టె. అందం సంగతి ఎలా ఉన్నా, సూటిగా కట్టడానికి ఇంతకంటే అనువైన ఆకారం లేదు.

60 అంగుళాల విమానం పెద్దదే, ఖర్చు కూడా పెద్దదే. 80 శాతానికి తగ్గించి ప్రింటు తీస్తే 48 అంగుళాలు, అంటే 1.2 మీటర్లు వస్తుంది. కింద చెప్పే లెక్కలన్నీ 1.2 మీటర్ల పొడవు, 240 మి.మీ. వెడల్పు రెక్కకు. రెక్క విస్తీర్ణం దాదాపు 29 చదరపు డెసీమీటర్లు. మొత్తం బరువు 1.3 కిలోల్లో ముగించాలని ముందే గోడ మీద రాసి పెట్టుకోండి.

ప్రింటు, చెక్క కొలతలు

ఇంజినీర్లకు, ఆర్కిటెక్టులకు డ్రాయింగులు తీసే ప్లాటర్ షాపులో ఏ0 సైజు ప్రింటు తీయించండి. "ఫిట్ టు పేజ్" పెట్టొద్దని షాపతనికి గట్టిగా చెప్పండి. ఇంటికి తెచ్చాక స్టీలు స్కేలుతో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవండి. ఒక దిక్కున సరిగ్గా ఉండి ఇంకో దిక్కున రెండు మి.మీ. సాగిన ప్రింట్లు నేను చూశాను. అలాంటి కాగితం మీద ఎంత జాగ్రత్తగా కట్టినా పని వృథా.

పాత అమెరికన్ ప్లాన్లలో చెక్క మందం అంగుళాల్లో ఉంటుంది. అంగుళంలో పదహారో వంతు అంటే 1.5 మి.మీ. పలక, ఎనిమిదో వంతు అంటే 3, పావు అంటే 6 అని తీసుకోవచ్చు. కానీ 80 శాతానికి తగ్గించినప్పుడు గీత మీద మూడు కాస్తా రెండున్నర అవుతుంది. అందుకే స్పార్ (రెక్క పొడవునా సాగే ప్రధాన పుల్ల) కూర్చునే గాడిని డ్రాయింగ్ చూసి కోయొద్దు. మీ చేతిలో ఉన్న పుల్లను అక్కడ పెట్టి, దాని మందానికే కోయండి.

బాల్సా కొనడం

చాలామంది తొందరపడేది ఇక్కడే. బాల్సా పలకలన్నీ ఒకటి కావు. ఒకే సైజు పలక ఒకటి 30 గ్రాములుంటే పక్కది 50 ఉండవచ్చు. 3 మి.మీ. మందం, 100 మి.మీ. వెడల్పు, ఒక మీటరు పొడవున్న పలక 38 గ్రాముల దగ్గరుంటే మధ్యస్థం. చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కొనండి, ప్రతి పలక తూచి బరువు పెన్సిల్‌తో దాని మీదే రాయండి. తేలికవి తోకకు, బరువైనవి, గట్టివి స్పార్లకు, రెక్క ముందు అంచైన లీడింగ్ ఎడ్జ్‌కు. ఎడమ రెక్కకు వాడే పలక బరువెంతో కుడి రెక్కకు వాడేదీ అంతే ఉండేలా జత చేసుకోండి.

పలకను వెలుతురులో పెట్టి చూస్తే కొన్నిటి మీద చేప పొలుసుల్లాంటి మచ్చలు మెరుస్తాయి. అవి అడ్డంగా వంగవు, వంచితే విరుగుతాయి. రిబ్బులకు అవే కావాలి. మచ్చలు లేకుండా పొడుగు గీతలే ఉన్న పలక గొట్టంలా వంగుతుంది. రెక్క ముందు భాగం మీద పరచడానికి అది వాడండి.

కొండపల్లి, నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్క తేలికే కదా, బాల్సాకు బదులు వాడొచ్చా అని అడుగుతుంటారు. రిబ్బులకు, రెక్క పలకలకు వద్దు. కాక్‌పిట్‌లో కూర్చోబెట్టే పైలట్ తల చెక్కుకోవడానికి మాత్రం చక్కగా ఉంటుంది, లోపల డొల్ల చేస్తే చాలు.

మిగతావి తేలిక. మెడికల్ షాపులో దొరికే 11వ నంబరు సర్జికల్ బ్లేడ్లు బాల్సాను చిదమకుండా కోస్తాయి. గుండుసూదులు, మూలమట్టం, రసమట్టం, పొడుగాటి చెక్కకు అంటించిన ఎమరీ పేపర్ కావాలి. జిగురు మూడు రకాలు: ఎక్కువ అతుకులకు ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు, త్వరగా పట్టాల్సిన చోట పలచని సీఏ (సూపర్ గ్లూ), మోటారు బిగించే ముందు పలక అయిన ఫైర్‌వాల్‌కు, చక్రాల తీగకు, రెక్క మధ్య అతుకుకు ఎపాక్సీ. ఐదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ కాకుండా నెమ్మదిగా గట్టిపడేది తీసుకోండి. సీఏ వాడేటప్పుడు కిటికీ తెరిచి ఉంచండి, ఆవిరి కళ్లు మండిస్తుంది.

పని బల్ల విషయంలో రాజీ వద్దు. బల్ల వంకరైతే రెక్కా వంకరే. వంటింటి గట్టుకు వాడగా మిగిలిన గ్రానైట్ ముక్క దొరికితే దాని మీద నోటీసు బోర్డుకు వాడే సాఫ్ట్‌బోర్డు పరవండి. అడుగు చదును, పైన సూది దిగుతుంది. రసమట్టంతో నాలుగు మూలలా చూసుకుని ప్లాన్ పరిచి, దాని మీద పలచని ప్లాస్టిక్ కాగితం వేసి లాగి అంటించండి. అప్పుడు జిగురు ప్లాన్‌కు అంటుకోదు.

రెక్క

ముందు రిబ్బులు. ప్లైవుడ్ లేదా అల్యూమినియం రేకుతో ఒకే ఆకారం రెండు అచ్చులు చేయండి. వాటి మధ్య కోసిన బాల్సా ముక్కలన్నీ పేర్చి, రెండు బోల్టులతో బిగించి, అచ్చు అంచు తగిలేదాకా రుద్దండి. స్పార్ గాడి కూడా కట్ట మీదే కోయండి. విప్పితే అన్నీ ఒక్కలాగే ఉంటాయి. మధ్యలో వచ్చే రిబ్బులు పైన పరిచే పలక మందమంత తగ్గాలి, వాటిని వేరే కట్టగా చేసుకోండి.

రెక్క అడుగు వంపుగా ఉంటుంది కాబట్టి నేరుగా బల్ల మీద నిలవదు. చాలా ప్లాన్లలో రిబ్బు వెనక కింద చిన్న కాలు గీసి ఉంటుంది. మీ ప్లాన్‌లో లేకపోతే మీరే గీసుకోండి. పని అయ్యాక కోసేయొచ్చు. కింది స్పార్ ప్లాన్ మీద గుచ్చి, రిబ్బులు మూలమట్టంతో నిలబెట్టి, పై స్పార్ దింపండి. అన్నీ పొడిగా కూర్చోబెట్టి చూశాకే జిగురు.

రెండు స్పార్ల మధ్య, ప్రతి రెండు రిబ్బుల నడుమ, 1.5 మి.మీ. బాల్సా ముక్కలతో గోడ కట్టాలి. ఆ ముక్కల్లో చెక్క నార నిలువుగా ఉండాలి. అడ్డంగా పెడితే పెట్టనట్టే. ఎందుకింత పట్టుబడుతున్నానంటే లెక్క చూడండి. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 25 మీటర్లతో, పది మీటర్ల వ్యాసార్ధంలో లూప్ తిప్పితే అడుగు భాగంలో రెక్క మీద పడే భారం విమానం బరువుకు ఏడు రెట్లు దాటుతుంది. 1.3 కిలోల విమానం ఆ క్షణాన తొమ్మిదిన్నర కిలోలు తూగుతుంది. పై స్పార్ నలిగిపోకుండా ఆపేది ఈ సన్న గోడే. నేను మొదట్లో కట్టిన ఒక రెక్క చివరి మూడు గదుల్లో దీన్ని బరువు తగ్గుతుందని వదిలేశాను. రెండో లూప్‌లో సరిగ్గా అక్కడే మడతపడింది.

ముందు భాగం మీద పలక పరిచేటప్పుడే రెక్కకు మెలిక పడేది. ఒకసారి పైనా కిందా పలక అతికిందంటే అది గొట్టం, ఇక తిరగదు. కాబట్టి పై పలక అంటించేటప్పుడు రెక్క బల్లకే గుచ్చి ఉండాలి. పుస్తకాలో, ఇసుక సంచులో బరువుగా పెట్టి రాత్రంతా వదిలేయండి. తీశాక చివరి నుంచి ఒక కన్ను మూసి రెక్క పొడవునా చూడండి. వెనక అంచు, స్పార్ గీత ఒకదానికొకటి సమాంతరంగా కనిపించాలి. కింది పలక వేసే ముందు మెలిక దిద్దుకోవడానికి ఇదే చివరి అవకాశం.

ఎయిలరాన్లను (రెక్క వెనక అంచున కదిలే పలకలు) కదిపే సర్వో మోటార్లు రెండు, రెక్కకు ఒకటి చొప్పున. 12 నుంచి 17 గ్రాముల మెటల్ గేర్ రకం సరిపోతుంది. వైరు వెళ్లే దారి కోసం పై పలక వేయకముందే కాగితం గొట్టం దూర్చి పెట్టుకోండి.

బాడీ

పక్క పలకలు రెండింటినీ ఒకదాని మీద ఒకటి గుచ్చి ఒకేసారి కోయండి. ముందు సగానికి లోపలివైపు పలచని ప్లైవుడ్ అంటించాలి. అంటించేముందు రెండు పలకలనూ పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన పెట్టి, లోపలివైపు ఏదో పెద్ద అక్షరాలతో రాయండి. లేకపోతే రెండూ ఎడమ పలకలే తయారవుతాయి. రాత్రి పూట పని చేస్తూ నేనూ ఆ పొరపాటు చేశాను, మంచి ప్లైవుడ్ అంతా పోయింది.

రెక్క కిందుండే రెండు అడ్డపలకలు ముందు అతికించి, మూలమట్టంతో చూసి ఆరనివ్వండి. తర్వాత తోక దగ్గర రెండు పలకలూ దగ్గరికి లాగాలి. ఇక్కడే బాడీ అరటిపండులా వంగుతుంది. ఫైర్‌వాల్ మధ్య నుంచి తోక దాకా ఒక దారం బిగించి కట్టండి. ప్రతి అడ్డపలక మధ్య గీత ఆ దారం కిందికి రావాలి. ఒక పలక గట్టిగా, ఒకటి మెత్తగా ఉంటే గట్టిది తక్కువ వంగి మెత్తదాన్ని తనవైపు లాగుతుంది. అందుకే బాల్సా జతలు ముందే చేసుకోమన్నది.

పాత ప్లాన్లు ద్రవ ఇంధనపు ఇంజిన్‌కు గీసినవి. మోటారుకు మార్చేటప్పుడు ట్యాంకు గది బ్యాటరీ గది అవుతుంది. పైన తెరిచే మూత పెట్టండి. బ్యాటరీ ముందుకూ వెనక్కూ కనీసం 40 మి.మీ. జరిగేలా పలక పొడుగ్గా ఉంచితే తర్వాత సీసం కలపాల్సిన పని ఉండదు. గాలి లోపలికి వచ్చే రంధ్రం కన్నా బయటికి పోయేది పెద్దదిగా ఉండాలి, మన ఎండలకు ఇది తప్పనిసరి.

మోటారు కొద్దిగా కుడివైపు చూడాలి, రెండు డిగ్రీలు చాలు. మోటారు బోల్టుల మధ్య దూరం 40 మి.మీ. అయితే ఎడమవైపు రెండు బోల్టుల కింద సుమారు 1.4 మి.మీ. మందం వాషర్లు వేస్తే ఆ కోణం వస్తుంది.

తోక భాగాలను నిండు పలకతో కాకుండా 6 మి.మీ. పుల్లలతో చట్రంలా కట్టండి. రెక్క నుంచి తోకకున్న దూరం బ్యాటరీకున్న దూరానికి రెండింతలకు పైనే ఉంటుంది. తోకలో పెరిగే ప్రతి గ్రాముకూ ముక్కులో రెండు, రెండున్నర గ్రాములు కలపాల్సి వస్తుంది.

ఇక అతికించడం. రెక్క బోల్టులతో బిగించి, విమానాన్ని బల్ల మీద నిలకడగా పెట్టండి. తోక మధ్యలో గుచ్చిన సూది నుంచి రెక్క రెండు కొసలకూ దారంతో కొలవండి, రెండూ సమానం కావాలి. వెనక నిలబడి చూస్తే అడ్డతోక రెక్కకు సమాంతరంగా ఉండాలి. పక్క నుంచి చూస్తే రెక్క మధ్యరేఖ, అడ్డతోక రెండూ ఒకే కోణంలో, సున్నా డిగ్రీల్లో ఉండాలి. నిలువుతోకకు మూలమట్టం. ఈ ఒక్క గంట పనికి ఒక సాయంత్రమంతా కేటాయించండి.

ఫిల్మ్ పరచడం

ఎమరీ దుమ్ము తడిగుడ్డతో కాకుండా పొడి బ్రష్‌తో తుడిచి ఒరాకవర్ లాంటి వేడికి ముడుచుకునే ఫిల్మ్ పరచండి. అంచులు అంటించడానికి ఇస్త్రీపెట్టె సుమారు 100 డిగ్రీలు, బిగించడానికి 150 దగ్గర. ముందు చిన్న ముక్క మీద చూసుకోండి. రెక్క కింద భాగం ముందు, పైభాగం తర్వాత. బిగించేటప్పుడు ఒక రెక్క పూర్తిచేసి ఇంకోటి మొదలుపెట్టకుండా అటూ ఇటూ కొంచెం కొంచెంగా వెళ్లండి. కింది భాగానికి పూర్తిగా వేరే రంగు వేయండి. దూరంలో రోల్ తిప్పుతుంటే ఏది పైనో తెలియాలి. వానాకాలంలో పరిచిన ఫిల్మ్ ఎండాకాలంలో వదులవడం మామూలే, మళ్లీ ఇస్త్రీ చేస్తే సరిపోతుంది.

మోటారు, బ్యాటరీ, బ్యాలెన్స్

విన్యాసాలకు కిలో బరువుకు 330 వాట్ల శక్తి పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. 1.3 కిలోలకు 430 వాట్లు. 4ఎస్ (నాలుగు సెల్‌ల) బ్యాటరీ లోడ్ మీద 14 వోల్టులు ఇస్తుందనుకుంటే సుమారు 31 ఆంప్స్. కాబట్టి 50 ఆంప్స్ మోటారు వేగ నియంత్రిక ఈఎస్‌సీ, 2200 ఎంఏహెచ్ 4ఎస్ లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ), 800 కేవీ (వోల్టుకు నిమిషానికి 800 చుట్లు) దగ్గరి మోటారు, 11×7 అంగుళాల ప్రొపెల్లర్‌తో మొదలుపెట్టండి. వాట్‌మీటరు పెట్టి నిజంగా ఎంత లాగుతుందో చూడండి. సర్వోలు సెట్ చేసేటప్పుడు ప్రొపెల్లర్ విప్పి పక్కన పెట్టాలి, దీనికి మినహాయింపు లేదు. లైపోను మీరు దగ్గరుండగానే 2.2 ఆంప్స్‌తో ఛార్జ్ చేయండి. వాడనప్పుడు సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. మూసిన కారులో ఎండలో వదిలేయొద్దు.

సిగ్నల్ పోతే మోటారు ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, రిమోట్ ఆపి పరీక్షించండి. మొదటిసారి ఎయిలరాన్లు, ఎలివేటర్ (అడ్డతోక వెనక కదిలే పలక) చెరో వైపు 10 మి.మీ. కదిలితే చాలు, స్టిక్ మధ్యలో కదలికను మెత్తబరిచే 30 శాతం ఎక్స్‌పోతో. నిలువుతోక వెనక కదిలే రడ్డర్‌కు 25. హింజ్ (కదిలే పలకను పట్టే మడతబందు) దగ్గర ఖాళీ కనిపిస్తే పారదర్శక టేపు అంటించి మూయండి.

బరువు కేంద్రం రెక్క ముందు అంచు నుంచి 60 మి.మీ. దగ్గర, అంటే వెడల్పులో పావు భాగం. బ్యాటరీ జరిపి అక్కడికి తెచ్చుకోండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. విన్యాసాలకు ఎడమ, కుడి తూకం కూడా కావాలి. ప్రొపెల్లర్ దగ్గర ఒక దారం, తోక దగ్గర ఒక దారం కట్టి విమానాన్ని వేలాడదీయండి. ఒక రెక్క దిగితే రెండో రెక్క కొసకు చిన్న మేకు దించండి.

మొదటి ఎగురుడు

స్థలం ముందు ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోండి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు, విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల వరకే. విమానం ఎప్పుడూ కంటికి కనిపించే దూరంలో ఉండాలి. ఆషాఢం గాలుల్లో మొదటిసారి ఎగరేయొద్దు. కార్తీకం, మార్గశిరం ఉదయాలు దీనికి వరం, పొగమంచు విడిచాక గాలి నిలిచి ఉంటుంది. సంక్రాంతి గాలిపటాల రోజుల్లో ఊరికి దూరంగా వెళ్లండి. అనుభవమున్న ఒకరు పక్కనుంటే ట్రిమ్ నొక్కడానికి సాయం, టెన్షన్ కూడా తగ్గుతుంది.

పైకి లేచాక ముందు ఎత్తు, తర్వాత ట్రిమ్. స్టిక్ వదిలితే సూటిగా వెళ్లే దాకా సర్దండి. ఆ రోజు అంతే, దింపి బోల్టులు, హింజులు, ఫైర్‌వాల్ చూడండి.

రెండో ఎగురుడులో పరీక్షలు. బాగా ఎత్తులో సగం రోల్ చేసి తలకిందులుగా ఉంచండి. ముక్కు నిలబెట్టడానికి స్టిక్ చాలా ముందుకు నెట్టాల్సి వస్తే ముక్కు బరువుగా ఉంది, బ్యాటరీ ఐదు మి.మీ. వెనక్కి. అసలు నెట్టకుండానే పైకి పోతుంటే తోక బరువు, బ్యాటరీ ముందుకు. కొంచెం నెడితే నిలిచే చోటు సరైనది, ఈ రెక్కకు అది ఎక్కువగా 60, 70 మి.మీ. మధ్య వస్తుంది. తర్వాత నిట్టనిలువుగా పైకి ఎక్కించండి. ఎడమకు లాగుతుంటే ఇంకో పలచని వాషర్ కావాలి. చివరిగా, గాలికి ఎదురుగా నాలుగైదు గట్టి లూపులు. ప్రతిసారీ ఒకే రెక్క దిగితే ఎదుటి రెక్క కొసకు మూడు గ్రాములు కలిపి మళ్లీ చూడండి.

దింపాక రిమోట్ ఆపేముందు ఎయిలరాన్లు, ఎలివేటర్, రడ్డర్ ఎక్కడ నిలిచాయో స్కేలుతో కొలిచి రాసుకోండి. తర్వాత ట్రిమ్‌లన్నీ సున్నాకు తెచ్చి, అవి మళ్లీ అదే చోటికి వచ్చేదాకా, సర్వోను వాటికి కలిపే పుష్‌రాడ్ కొసనున్న, మర మీద తిరిగే క్లెవిస్‌ను తిప్పండి. పుష్‌రాడ్ మీద అది నిలిచిన చోట మార్కర్‌తో గీత పెట్టండి.